మగపిల్లవాడి నాడి కూడా పట్టి చూడండి: వైద్యులకు, జూనియర్ కళాశాలలకు, అధికారులకు బహిరంగ లేఖ

హైదరాబాద్ నగరంలోని పిల్లల వైద్యులకు, జనరల్ ఫిజీషియన్లకు, జూనియర్ కళాశాలల యాజమాన్యాలకు, ఆరోగ్య, విద్యా విభాగాల అధికారులకు నమస్కారాలు.

నేను ఉప్పల్ ప్రాంతంలో నివసించే ప్రభుత్వ ఉన్నత పాఠశాల జీవశాస్త్ర ఉపాధ్యాయుడిని. మా అబ్బాయికి పదహారో ఏట అనరెక్సియా నెర్వోసా అనే, తినడానికి భయపడి పస్తులుండి చిక్కిపోయే జబ్బు మొదలైంది. దానికి పేరు పెట్టడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలల్లో ఆరుగురు వైద్యులు వాణ్ణి చూశారు. పిల్లవాడు కుదుటపడ్డాక, మరో ఇంట్లో ఇంత ఆలస్యం జరగకూడదని 2025లో మూడు కార్యాలయాలకు వినతిపత్రాలు ఇచ్చాను. రెండుచోట్ల ముద్ర వేసిన రసీదు చేతికిచ్చారు. మూడోచోట ఇది తమ పరిధిలోకి రాదని నోటిమాటగా చెప్పి పంపారు. జవాబు ఎక్కడి నుంచీ రాలేదు కాబట్టి అందరూ చదివేలా రాస్తున్నాను. ఏ ఆసుపత్రి పేరూ, ఏ కళాశాల పేరూ ఇందులో ఉండదు. ఒకరిని నిలదీస్తే తీరే విషయమైతే ఈ పాటికి వారి గుమ్మం ముందే నిలబడి ఉండేవాణ్ణి.

పంపే ముందు ఈ లేఖను మా అబ్బాయికి చదివి వినిపించాను. వాడు ఒక్క మార్పు అడిగాడు. "కిలోలు రాయొద్దు నాన్నా, నాలాంటివాడు చదివితే అంతకంటే ఇంకా తగ్గాలనుకుంటాడు" అన్నాడు. అందువల్ల బరువుకు సంబంధించిన అంకెలన్నీ తీసేశాను. ఈ జబ్బు ఎలాంటిదో నా కొడుకు చెప్పిన ఆ ఒక్క మాటలో వైద్యులకు అర్థమవుతుందని నా నమ్మకం.

అనరెక్సియా అనే మాటకు ఆకలి లేకపోవడమని అర్థం. ఆ పేరే మనిషిని పొరపాటు పడేలా చేస్తుంది. ఈ జబ్బులో ఆకలి చావదు. తిండి గురించిన ఆలోచన పొద్దున లేచింది మొదలు రాత్రి కన్ను మూతపడేదాకా వెంటాడుతూనే ఉంటుంది, అయినా ముద్ద నోట్లో పెట్టుకోవడానికి భయం వేస్తుంది. జ్వరం వచ్చినవాడికి అన్నం సయించదని మన ఇళ్లలో అంటాం. మావాడికి అన్నం సయించేది, పెట్టుకోవడానికి ధైర్యం చాలేది కాదు.

2023 జూన్‌లో పదో తరగతి ముగించుకుని ఎంపీసీలో చేరాడు. అప్పటికి కాస్త బొద్దుగా ఉండేవాడు, తరగతిలో ఏదో మారుపేరు పెట్టారు. మొదట రాత్రిపూట అన్నం మానేసి రెండు పుల్కాలకు వచ్చాడు, నెల తిరిగేసరికి అది ఒకటైంది. జిమ్‌లో చేరాక అక్కడి ట్రైనర్ ఫోనుకు ఒక డైట్ చార్టు పంపాడు. నెయ్యి, నూనె, అరటిపండు, పెరుగు ఒకదాని వెంట ఒకటి కంచంలోంచి మాయమయ్యాయి. మేము ఐదో అంతస్తులో ఉంటాం. లిఫ్టు ఎక్కడం మానేశాడు, పాలప్యాకెట్టు కోసమనో కొత్తిమీర కోసమనో, ఏ వంకా దొరకకపోతే ఊరికే, రోజుకు ఇరవైసార్లు మెట్లు ఎక్కి దిగేవాడు. ఉదయం ఏడు నుంచి రాత్రి ఎనిమిది దాకా కళాశాలలోనే ఉండేవాడు గనుక రెండు పూటల తిండి మా కళ్ల ముందు జరిగేది కాదు. మధ్యాహ్నం బాక్సు శుభ్రంగా కడిగి తెచ్చేవాడు. అది మంచి అలవాటని వాళ్లమ్మ మురిసిపోయింది. బాక్సులోని అన్నం స్నేహితులు తినేవారని తర్వాత తెలిసింది.

అందరూ మెచ్చుకున్నారు, నేను కూడా మెచ్చుకున్నాను. పక్కింటాయన తన కొడుకును పిలిచి, అన్నను చూసి నేర్చుకోమన్నారు. చదువు కోసం భోజనం కూడా మరచిపోతున్నాడని ఒక అధ్యాపకుడు తల్లిదండ్రుల సమావేశంలో అందరి ముందూ పొగిడారు. నవంబరులో అయ్యప్ప మాల వేసుకుంటానన్నాడు. మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, 41 రోజుల నియమం. భిక్ష దగ్గర వడ్డనకు నిలబడి అందరికీ కొసరి కొసరి పెట్టేవాడు, తన విస్తట్లో ఏముందో చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు. భక్తిని నేను తప్పుపట్టడం లేదు, నేనూ రెండుసార్లు మాల వేసుకున్నవాణ్ణే. దీక్ష విరమించాక మిగిలిన స్వాములందరూ మామూలుగా తినడం మొదలుపెట్టారు, వీడు మొదలుపెట్టలేదు. ఆ తేడా తండ్రిగా నా కంటికి ఆనాడే ఆని ఉండాల్సింది. సంక్రాంతికి అమ్మతో కూర్చుని సకినాలు తానే చుట్టాడు, చెల్లెలికీ వాచ్‌మన్ పిల్లలకూ పంచాడు, ఒక్కటి కూడా కొరికి చూడలేదు. రాత్రిళ్లు దుప్పటి కింద ఫోనులో బిర్యానీ వండే వీడియోలు చూసేవాడు. ఫ్యాను కింద కూడా చెమట పట్టే మే నెలలో స్వెటర్ వేసుకుని కూర్చున్నప్పుడు, వీపు మీద పసిబిడ్డలకుండే నూగులాంటి వెంట్రుకలు మొలిచినప్పుడు మాకు నిజంగా భయం పట్టుకుంది.

ఇక వైద్యుల సంగతి. మొదటి వైద్యుడు పెరిగే వయసని చెప్పి నులిపురుగుల మాత్ర, టానిక్ రాశారు. రెండో ఆయన టీబీ అనుమానించి ఎక్స్‌రే, కఫ పరీక్ష చేయించారు. మన దేశంలో చిక్కిపోతున్న కుర్రవాడికి టీబీ పరీక్ష చేయడం సరైన పనే, అందుకు ఆయనకు కృతజ్ఞుణ్ణి. మూడోచోట ఎండోస్కోపీ, నాలుగోచోట థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేశారు, రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చాయి. ఐదో వైద్యుడు నాడి బాగా నెమ్మదిగా ఉందని గమనించారు గానీ, జిమ్‌కు వెళ్తాడని వినగానే క్రీడాకారుల గుండె అలాగే కొట్టుకుంటుంది, సంతోషించండి అన్నారు. అప్పటికి అక్కడా ఇక్కడా చదివి ఉన్న నేను ఆరో వైద్యుడి దగ్గర ధైర్యం చేసి జబ్బు పేరు నా నోటితోనే పలికాను. "అది ఆడపిల్లలకు వచ్చే జబ్బు మాస్టారూ, మీ అబ్బాయికెందుకొస్తుంది?" అని ఓపీ చీటీ మీద విటమిన్ మాత్రలు రాసిచ్చారు.

ఆ తర్వాత పదిరోజులకు మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయాడు. దగ్గరలోని నర్సింగ్ హోమ్‌లో నీరసమని గ్లూకోజ్ బాటిళ్లు వరుసగా ఎక్కించారు. నిజానికి ఎక్కించమని బతిమాలింది మేమే. రెండో రోజుకు పాదాలు వాచాయి, ఆయాసం మొదలైంది. అక్కడి నుంచి ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, రాత్రి డ్యూటీలో ఉన్న ఒక జూనియర్ డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని, "తమ్ముడూ, ఆకలి వేయక తినట్లేదా, తినాలంటే భయమేస్తోందా?" అని అడిగింది. పదకొండు నెలల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. మావాడు గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆమె పడుకోబెట్టి నాడి లెక్కపెట్టింది, నిమిషానికి 38. లేపి నిలబెట్టి మళ్లీ లెక్కపెట్టింది, 84. రక్తంలో ఫాస్ఫరస్ పరీక్షకు ఆ రాత్రే పంపింది. క్రీడాకారుడి గుండె బలంగా ఉండి నెమ్మదిస్తుంది, లేచి నిలబడినంత మాత్రాన అంతగా ఉరకదు. ఆకలితో ఉన్నవాడి గుండె ఇంధనం లేక నెమ్మదిస్తుంది, లేచి నిలబడితే తట్టుకోలేక పరుగెడుతుంది. రెండు నిమిషాల పరీక్షతో తేలిన సంగతి ఇది.

గ్లూకోజ్ విషయం ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే నీరసం అంటే సెలైన్ అనే నమ్మకం మన బస్తీల్లోనూ కాలనీల్లోనూ గట్టిగా నాటుకుపోయింది. చాలాకాలం పస్తున్న శరీరంలోకి ఒక్కసారిగా చక్కెర వెళ్తే ఇన్సులిన్ పెరుగుతుంది. ఆ ఇన్సులిన్ రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫేట్‌ను (ఫాస్ఫరస్ పరీక్ష కొలిచేది దీన్నే), పొటాషియంను, మెగ్నీషియంను కణాల్లోకి లాగేస్తుంది. రక్తంలో అవి పడిపోగానే గుండె లయ తప్పవచ్చు, ఊపిరి అందకపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చెరల నుంచి విడుదలైన బక్కచిక్కిన ఖైదీలు కడుపునిండా తిన్నాక మరణించడం వైద్యులు అప్పుడే చూశారు. అంటే ఇది వైద్యశాస్త్రానికి ఎనభై ఏళ్లుగా తెలిసిన ప్రమాదం. మా వాడి విషయంలో తెలిసినవారు సమయానికి ఎదురయ్యారు, అంతే.

ఆడపిల్లల జబ్బు అన్న మాటకు జవాబు చెబుతాను. 1689లో రిచర్డ్ మోర్టన్ అనే ఆంగ్ల వైద్యుడు ఈ జబ్బును పోలిన రెండు కేసులను వర్ణించాడు. ఒకరు పద్దెనిమిదేళ్ల అమ్మాయి, మరొకరు పదహారేళ్ల అబ్బాయి. ఆ అబ్బాయి క్షీణించడానికి మితిమీరిన చదువు, మనసులోని ఉద్వేగాలు కారణమని భావించి, పుస్తకాలు పక్కనపెట్టి పల్లెగాలికి వెళ్లమని, గుర్రపు స్వారీ చేయమని, పాలు ప్రధానంగా తాగమని చెప్పాడు. కుర్రవాడు చాలావరకు కోలుకున్నాడు. పదహారేళ్ల వయసు, విపరీతమైన చదువు, ఆగిపోయిన తిండి అన్న ఆ మూడు సంగతులు చదివినప్పుడు, మూడు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు మా ఉప్పల్ వీధి చివర ఉన్నట్టనిపించింది. 1870లలో అనరెక్సియా నెర్వోసా అని పేరు పెట్టిన విలియం గల్ కూడా ఎక్కువగా యువతులలో, అప్పుడప్పుడు అదే వయసు మగవారిలో చూశానని రాశాడు.

ఆ తర్వాత మగపిల్లలు వైద్యుల కంటి నుంచి తప్పిపోవడానికి కారణాలున్నాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం వాడే రోగనిర్ధారణ సూచికలో 2013 దాకా నెలసరి ఆగిపోవడం ఒక ముఖ్య లక్షణం. నెలసరే లేని మగపిల్లవాడు ఆ కొలతలో ఎక్కడ ఇముడుతాడు? 2013లో దాన్ని తొలగించారు. కానీ అంతకుముందు చదువుకున్న వైద్యుల మనసులో ఆ బొమ్మ అలాగే ఉండిపోయింది. ఈ జబ్బును పసిగట్టే ప్రశ్నావళుల్లో చాలావరకు ఆడపిల్లల అనుభవం నుంచి తయారైనవే. లావవుతానని భయమా, తొడలు పెద్దవని బాధా అని అడుగుతాయి. మా అబ్బాయిలాంటివాడు లేదనే చెబుతాడు, అది అబద్ధం కాదు. వాడి మాటలు వేరు. కొవ్వు కరగాలి, కటింగ్ (జిమ్ భాషలో కండ ఉంచి కొవ్వు తగ్గించడం) చేస్తున్నాను, కండ గీతలు కనబడాలి అంటాడు. సన్నబడాలన్న కోరికకు మగపిల్లల భాషలో ఉన్న పేర్లు ఇవి. వైద్యుడికి ఆ మాటలు తెలియకపోతే జబ్బు ఆరోగ్య స్పృహలా కనిపిస్తుంది. 2007లో ప్రచురితమైన అమెరికా జాతీయ సర్వేలో జీవితకాలంలో ఈ జబ్బు బారినపడినవారు స్త్రీలలో 0.9 శాతం, పురుషులలో 0.3 శాతం. ఆ లెక్కన నలుగురు రోగుల్లో ఒకరు మగవాడు. ఆ నాలుగో మనిషిని వెతకండని అడగడానికే ఈ లేఖ.

మొండితనం, మారాం, ప్రేమ వ్యవహారం అని మా చుట్టాలు రకరకాలుగా అన్నారు, నేను కూడా రెండుసార్లు చెయ్యి చేసుకున్నాను. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆంసెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వారి సమ్మతితోనే, 24 వారాల పాటు అరకొర తిండి మీద ఉంచి చూశాడు. మానసికంగా గట్టివారని పరీక్షించి ఎంపిక చేసినవారు వారంతా. తిండి తగ్గిన కొద్దీ వారు చలికి వణికారు, చీటికిమాటికి చిరాకుపడ్డారు, నలుగురిలోకి రావడం మానేశారు, గంటలకొద్దీ తిండి గురించే మాట్లాడుకున్నారు, వంట పుస్తకాలు పోగుచేసుకున్నారు. దుప్పటి కింద బిర్యానీ వీడియోలు ఎందుకో నాకు అది చదివాకే తెలిసింది. పస్తు మెదడునే మార్చేస్తుంది. అలాంటి స్థితిలో ఉన్న పిల్లవాణ్ణి బుద్ధిగా తినమని తిట్టడం, విరిగిన కాలితో నడవమని తిట్టడం ఒకటే. నా చేతి దెబ్బకు నా కొడుకు నన్ను క్షమించాడు. నేనింకా క్షమించుకోలేదు.

ఈ ఆలస్యం మామూలు కుటుంబాల మీద ఎలా పడుతుందో ఇప్పుడు వరుసగా చెబుతాను.

1. ప్రాణం. మానసిక జబ్బుల్లో మరణాల శాతం అత్యధికంగా ఉన్నవాటిలో ఇది ఒకటి. 2011లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో, అదే వయసు వారితో పోలిస్తే ఈ రోగుల మరణాలు దాదాపు ఆరు రెట్లు ఎక్కువని, మరణించిన ప్రతి ఐదుగురిలో ఒకరిది ఆత్మహత్యేనని తేలింది. గుండె ఆగి పోయినవాడిని హఠాన్మరణమని, ఉరివేసుకున్నవాడిని పరీక్షల ఒత్తిడని రాసుకుని ముందుకు సాగే నగరంలో, అసలు కారణం పస్తు అని ఎవరు నమోదు చేస్తారు?

2. ఎముకలు, ఎదుగుదల. పదహారు నుంచి ఇరవై ఏళ్ల మధ్య ఎముక గట్టిపడే కాలం. ఆ కాలంలో పస్తుంటే మగపిల్లల్లో టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోను పడిపోతుంది, ఎముక సాంద్రత తగ్గుతుంది, ఎత్తు పెరగడం ఆగిపోవచ్చు. బరువు తిరిగి వచ్చినా పోయిన ఎముక బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. మా అబ్బాయి స్కాన్ రిపోర్టు నా బీరువాలో ఉంది. పద్దెనిమిదేళ్లవాడి వెన్నెముక గురించి అందులో రాసినది నేను వాడికి ఇంకా పూర్తిగా చదివి వినిపించలేదు.

3. తల్లి మీద పడే నింద. ఇది ఏ వైద్య పుస్తకంలోనూ ఉండదు గనుక కాస్త ఎక్కువ రాస్తాను. మన ఇళ్లలో పిల్లవాడు చిక్కితే వేలు మొదట వంటింటి వైపే చూపిస్తారు. కన్నకొడుక్కి కడుపునిండా పెట్టుకోలేవా అని నా భార్యను బంధువులు అడిగారు, ఉద్యోగం చేసే తల్లుల పిల్లలింతే అని పెళ్లి భోజనాల వద్ద ఆమెకు వినబడేలా అన్నారు, చివరకు ఒక వైద్యుడు కూడా ఆమె వైపు చూసి ఇంట్లో సరిగా వండుతారా అని అడిగారు. ఆ రోజు నుంచి ఆమె ఎవరింటికీ వెళ్లడం మానేసింది. 2019లో దాదాపు 17,000 మంది రోగుల జన్యువులను పరిశీలించిన అంతర్జాతీయ అధ్యయనం ఈ జబ్బుతో ముడిపడిన ఎనిమిది జన్యు స్థానాలను గుర్తించింది, శరీర జీవక్రియతో కూడా దీనికి సంబంధం ఉందని చూపింది. ఈ సంగతి ఆరుగురిలో ఒక్క వైద్యుడు ఆమెతో ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే, ఆమె ఆ ఏడాదంతా పూజగదిలో కూర్చుని ఏడ్చేది కాదు. దిష్టి తీసిన మా అత్తగారు కూడా కూతుర్ని నిందించలేదు, చదువుకున్నవాళ్లే నిందించారు.

4. డబ్బు. పరీక్షలకే మా పొదుపు కరిగిపోయింది, ఆసుపత్రికి నా భార్య గాజులు కుదువపెట్టాం. విడిగా కట్టుకున్న బీమా పాలసీ కింద పెట్టిన క్లెయిమును మానసిక కారణమని రాసి తిప్పి పంపారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్, శరీర జబ్బులకు ఎలా ఇస్తారో మానసిక జబ్బులకూ అదే ప్రాతిపదికన బీమా ఇవ్వాలని చెబుతోంది. ఆ సెక్షన్‌ను ఉటంకిస్తూ మూడు ఉత్తరాలు రాశాక కొంత వచ్చింది. ఉత్తరాలు రాయడం రానివారికి ఏమీ రాదు.

5. సెలవు. ఈ జబ్బును నయం చేసే మాత్ర లేదు, తిండే మందు. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980లలో రూపుదిద్దుకున్న కుటుంబ ఆధారిత చికిత్సలో, కొన్ని నెలలపాటు ఏం తినాలి, ఎంత తినాలి అన్న నిర్ణయం తల్లిదండ్రులే తీసుకుని ప్రతి పూటా పక్కన కూర్చుని తినిపిస్తారు. పిల్లవాడు కోలుకున్న కొద్దీ ఆ పగ్గాలు తిరిగి అతని చేతికిస్తారు. కౌమార వయసు పిల్లల్లో మంచి ఫలితాలిచ్చిన పద్ధతి ఇది. మేము దాన్నే పట్టుకున్నాం. రోజుకు మూడు భోజనాలు, మూడు అల్పాహారాలు, ఒక్కో ముద్దకు పావుగంట పట్టిన రోజులున్నాయి. తిన్నాక మెట్లవైపు పరుగెత్తకుండా చెల్లెలు క్యారమ్ బోర్డు ముందు కూర్చోబెట్టేది. నేను నాలుగు నెలలు జీతం లేని సెలవు పెట్టాను. ప్రభుత్వోద్యోగిని కాబట్టి ఉద్యోగం నిలిచింది. ఆటో నడిపే తండ్రి, ఇళ్లలో పనిచేసే తల్లి ఆ నాలుగు నెలలు ఎక్కడి నుంచి తెస్తారు? జబ్బు తొలి నెలల్లోనే దొరికితే అన్ని నెలలు అవసరం పడదు.

మీ ముందు నేను పెడుతున్న డిమాండ్లు ఇవి. వీటిలో చాలావాటికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు.

1. కారణం తెలియకుండా బరువు తగ్గుతున్న పది నుంచి ఇరవై ఐదేళ్ల మగపిల్లవాడు ఎవరు వచ్చినా, వైద్యులు తల్లిదండ్రులను కాసేపు బయటికి పంపి, తినాలంటే భయంగా ఉందా అని సూటిగా అడగాలి. పడుకోబెట్టి, నిలబెట్టి రెండుసార్లు నాడి, రక్తపోటు చూడాలి. ఈసీజీతో పాటు ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం పరీక్షలు రాయాలి. కౌమార వైద్య నిపుణుల మార్గదర్శకాల ప్రకారం మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కంటే, నిద్రలో 45 కంటే తగ్గితే ఆసుపత్రిలో చేర్చుకోవడానికి అదే కారణం. రక్త పరీక్షలన్నీ నార్మల్‌గా ఉన్నా ఈ జబ్బు ప్రమాదకర స్థితిలో ఉండవచ్చు గనుక, రిపోర్టులు నార్మల్ కాబట్టి ఏమీ లేదు అనే మాట దయచేసి అనకండి.

2. పస్తున్న రోగికి గ్లూకోజ్, తిండి ఎలా మొదలుపెట్టాలో, థయమిన్ (బి1 విటమిన్) ఎప్పుడివ్వాలో, ఏ పరీక్షలు ఎన్ని గంటలకోసారి చేయాలో తెలుగులో, ఇంగ్లీషులో ఒకే పేజీలో రాయించి, ప్రతి నర్సింగ్ హోమ్ క్యాజువాలిటీ గోడకు అంటించాలి.

3. పదిహేడేళ్లవాణ్ణి పిల్లల వార్డు పెద్దవాడంటుంది, పెద్దల వార్డు పిల్లవాడంటుంది. మేము ఒక రాత్రంతా ఆ రెండింటి మధ్య స్ట్రెచర్ పక్కన నిలబడ్డాం. నగరంలోని పెద్ద ప్రభుత్వాసుపత్రులలో కనీసం ఒక్కదానిలోనైనా పిల్లల వైద్యుడు, మానసిక వైద్యుడు, పోషకాహార నిపుణుడు కలిసి చూసే కొన్ని పడకలు ఈ వయసువారికి కేటాయించాలి. ఆరోగ్యశ్రీ చికిత్సల జాబితాలో ఈ జబ్బు పేరు, మగ ఆడ తేడా లేకుండా, పేదవాడికి అర్థమయ్యేలా కనిపించాలి.

4. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు మా ప్రభుత్వ బడికి వచ్చినప్పుడు పక్కన నిలబడి పిల్లల ఎత్తు, బరువు రాయించినవాణ్ణి నేను. నా విద్యార్థులను తూచారు, ప్రైవేటు జూనియర్ కళాశాలలో చదివిన నా కొడుకును ఇంటర్ మొదటి ఏడాదంతా ఎవరూ తూచలేదు. జూనియర్ కళాశాలలన్నింటిలో, హాస్టళ్లున్నచోట మరీ ముఖ్యంగా, రెండు నెలలకోసారి ఎత్తు, బరువు, నాడి చూడాలి. ఈ పని తెర చాటున జరగాలి. అంకె గట్టిగా చదవకూడదు, బోర్డు మీద రాయకూడదు, పిల్లవాడికి కూడా చెప్పనవసరం లేదు. బరువు గీత కిందికి జారుతుంటే తల్లిదండ్రులకు మాత్రం కబురు వెళ్లాలి. ర్యాంకుల కోసం ప్రతి వారం పరీక్ష పెట్టగలిగినవారికి ఇది భారం కాదు.

5. విశాఖపట్నంలో నీట్ శిక్షణలో ఉన్న విద్యార్థిని మరణంపై 2025 జూలై 25న ఇచ్చిన తీర్పులో, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ అర్హత గల కౌన్సెలర్‌ను నియమించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. అలా నియమితులైన కౌన్సెలర్లకు తిండికి సంబంధించిన జబ్బుల గురించి, అవి మగపిల్లల్లో ఏ మాటల్లో బయటపడతాయన్న దాని గురించి శిక్షణ ఇవ్వాలి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరులో ఫోనెత్తే సిబ్బందికీ ఇదే శిక్షణ కావాలి. భోజనం మానేసి చదివే విద్యార్థిని ఆదర్శంగా చూపించడం అధ్యాపకులు ఈ రోజే ఆపవచ్చు.

6. పద్దెనిమిదేళ్లు నిండనివారికి వైద్యుడి చీటీ లేకుండా డైట్ చార్టు ఇవ్వకూడదని జిమ్‌లకు నిబంధన పెట్టాలి. ఆ ట్రైనర్ కుర్రవాడి మీద నాకు కోపం లేదు, అతనికీ ఎవరూ చెప్పి ఉండరు.

అధికారులకు సంబంధం లేకపోయినా గురుస్వాములకు, మసీదు పెద్దలకు ఒక విన్నపం. దీక్షలోనో ఉపవాసంలోనో ఉన్న పిల్లవాడు నియమం ముగిశాక కూడా తినడం లేదని మీ కంటపడితే, ఇంట్లో వాళ్ల కంటే ముందు మీరు చెప్పగలరు. అనారోగ్యంతో ఉన్నవాడు నియమం సడలించుకోవచ్చని మీ నోటి నుంచి వస్తే ఆ పిల్లవాడు వింటాడు.

ఈ ఆరింటిలో ఒకటి, రెండు, నాలుగు అంశాలపై నెలరోజుల్లో ఒక ఉత్తర్వు లేదా కనీసం ఒక సమావేశం తేదీ ప్రకటించమని అడుగుతున్నాను. నా పాత వినతిపత్రాల రసీదులు, మావాడి ఆసుపత్రి పత్రాలు, కిలోల అంకెలున్న కాగితాలతో సహా, ఆ సమావేశానికి నేనే పట్టుకొస్తాను. మా అబ్బాయి వచ్చి మాట్లాడతానన్నాడు. మధ్యాహ్నం పూట పెడితే మాత్రం ఒంటిగంటకు అరగంట విరామం ఇవ్వండి, వాడు భోజనం చేయాలి, పక్కన నేను కూర్చోవాలి.

ఇట్లు,
ఒక తండ్రి, జీవశాస్త్ర ఉపాధ్యాయుడు
ఉప్పల్, హైదరాబాద్